నెల్లూరులో మిద్దెతోటల ఫెలోషిప్ చెయ్యాలంటే: అప్లికేషన్ నుంచి ఆఖరి నెల దాకా

పోయిన వారం మా పిన్ని కూతురు ఫోన్ చేసి "అక్కా, మిద్దె మీద మొక్కలు పెంచితే నెలనెలా డబ్బులిస్తారంట గదా, నిజమేనా" అని అడిగింది. నిజమే, నేను నెల్లూరులో 11 నెలలు చేశా కాబట్టి చెప్తున్నా, కానీ ఆ డబ్బులు మొక్కలు పెంచినందుకు కాదు, ఒక వీధి మొత్తం చేత పెంచించినందుకు, మీరు వెళ్ళిపోయినాక కూడా వాళ్ళు పెంచుతా ఉండేటట్టు చేసినందుకు. ఈ తేడా అర్థం కాకే చాలా మంది అప్లికేషన్ దగ్గరే ఆగిపోతారు, ఇంకొంతమంది సెలెక్ట్ అయి కూడా ఆఖర్లో ఎండిపోయిన గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) వదిలేసి వస్తారు. దానికి ఫోన్లో చెప్పింది చాలక మొత్తం వివరంగా ఇక్కడ రాస్తున్నా, ఒంగోలు, కావలి, కనిగిరి వైపు వాళ్ళకి కూడా పనికొస్తది.

ముందు ఫెలోషిప్ అంటే ఏందో

ఇది ఉద్యోగం కాదు, ఇంటర్న్‌షిప్ కూడా కాదు. ఒక సంస్థ మీకు 10 నెలలో, ఏడాదో స్టైపెండ్ ఇస్తది, ట్రైనింగ్ ఇస్తది, ఒక మెంటర్‌ని ఇస్తది, మీరు ఒక చోట ఉండి ఒక సమస్య మీద పని చెయ్యాలి. మన దేశంలో బాగా తెలిసినవాటిలో ఎస్బీఐ యూత్ ఫర్ ఇండియా ఒకటి, 2011 నుంచి నడస్తా ఉంది, 13 నెలలు, డిగ్రీ అయిపోయి 21 నుంచి 32 ఏళ్ళ మధ్య ఉన్నవాళ్ళకి. అది పల్లెల్లో చేసేది, టౌన్లో కాదు, అయినా దాని అప్లికేషన్లో అడిగే ప్రశ్నలు ఒకసారి చూసి పెట్టుకోండి, అన్ని ఫెలోషిప్పులూ దాదాపు అవే అడుగుతాయి. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం పని 2016 నుంచి రైతు సాధికార సంస్థ చూస్తా ఉంది, వాళ్ళు అగ్రికల్చర్ డిగ్రీ చదివినవాళ్ళని ఫెలోలుగా తీసుకున్నారు. టౌన్ తోటలు, వాతావరణ మార్పు మీద పని అంటే ఎక్కువగా ఎన్జీవోలు, ఫౌండేషన్లు ఏడాదికోసారి నోటిఫికేషన్ ఇస్తాయి. వయసు, స్టైపెండ్, చివరి తేదీ ఏడాదేడాదికీ మారతా ఉంటాయి, కాబట్టి వాట్సాప్‌లో తిరిగే పాత పోస్టర్ నమ్మొద్దు, వాళ్ళ సొంత వెబ్‌సైట్లోనే చూసుకోండి. అప్లికేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ అని డబ్బులు అడిగినారా, అక్కడే వదిలెయ్యండి.

అప్లై చేసే ముందే ఒక వీధిని పట్టుకోండి

నోటిఫికేషన్ వచ్చినాక రాసేది కాదు ఇది, కనీసం నెల ముందు మొదలుపెట్టాలి. మీ ఇంటికి నడిచిపోయేంత దూరంలో 30, 40 ఇళ్ళున్న వీధి ఒకటి తీసుకోండి, ఊరు మొత్తం మారుస్తా అని మాత్రం బయల్దేరొద్దు. ఆ వీధిలో నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయి, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయా, చెత్త బండి రోజూ వస్తదా, మిద్దెలెన్ని, రేకుల ఇళ్ళెన్ని, మధ్యాహ్నం కరెంటు పోతే ముసలోళ్ళు ఎక్కడ కూర్చుంటారు, వాన కురిస్తే ఏ మలుపు దగ్గర నీళ్ళు నిలుస్తాయి, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోండి.

ఆడవాళ్ళతో మాట్లాడాలంటే పొద్దున పోతే ఎవరూ దొరకరు, వంట, పిల్లల స్కూలు హడావుడి. సాయంత్రం 4 గంటల పైన గడప ముందు కూర్చున్నప్పుడు పోండి. మెప్మా (పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ) కింద పొదుపు సంఘాలు దాదాపు ప్రతి వీధిలో ఉంటాయి, ఆ సంఘాల్ని చూసుకునే ఆర్పీని (రిసోర్స్ పర్సన్) ముందు కలవండి, ఆమె ఒక మాట చెప్తే పది తలుపులు తెరుచుకుంటాయి. వార్డు సచివాలయంలో శానిటేషన్, ఎన్విరాన్‌మెంట్ చూసే సెక్రటరీ ఉంటారు, నీళ్ళు, రోడ్లు చూసే ఎమినిటీస్ సెక్రటరీ ఉంటారు, వాళ్ళిద్దరికీ కూడా మీరెవరో ఏం చెయ్యాలనుకుంటున్నారో చెప్పి రండి, తర్వాత అడ్డం రాకుండా ఉండటమే కాదు, నిజంగా పనికొస్తారు.

నేను తిరిగిన వీధిలో ఒక పెద్దమ్మ నన్ను మొదటి రోజే అడిగింది, "ఇవన్నీ పెట్టిస్తావు సరే పాపా, నువ్వు పోయినాక నీళ్ళెవరు పోస్తారు?" అని. ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు అప్పుడు. ఇంటికొచ్చి నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నా. మీరు కూడా రాసుకోండి, అప్లికేషన్‌కి, ఇంటర్వ్యూకి, పనికి, అన్నిటికీ ఈ ఒక్క ప్రశ్నే దారి చూపిస్తది.

అప్లికేషన్ రాసేటప్పుడు

"చిన్నప్పటి నుంచి నాకు ప్రకృతి అంటే ఇష్టం" అని మొదలుపెట్టొద్దు, చదివేవాళ్ళు ఆ లైను వందల సార్లు చదివి ఉంటారు. మీరు చూసిందే రాయండి. మనకు రాయడానికి కావాల్సినంత ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు భగత్ సింగ్ కాలనీలోకి నీళ్ళొచ్చాయి, పడుగుపాడు దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు మనల్ని ఎట్టా ముంచిందో అందరికీ గుర్తే. అటు ఎండలు చూస్తే 2015 మే నెలలో వడగాడ్పులకి రాష్ట్రంలో ఎక్కువ ప్రాణాలు పోయిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. ఇట్టాంటి ఒక సంఘటన తీసుకుని అది మీ వీధిలో ఏం చేసింది, మీరు దాంట్లో ఏ చిన్న భాగం మార్చగలరు అనేది రాయండి.

నేనైతే మూడు విషయాలే రాశా: ఈ వీధిలో మధ్యాహ్నం మిద్దె కింది గదుల్లో ఉండలేకపోతున్నారు, తడి చెత్త అంతా డంపింగ్ యార్డుకి పోతా ఉంది, ఆకుకూర కట్ట రేటు వానాకాలంలో రెట్టింపవుతా ఉంది, ఈ మూడింటికీ మిద్దెతోట కొంత జవాబు. కొంత అనే రాశా, మొత్తం అని రాయలేదు, ఇంటర్వ్యూలో ఆ మాటే మెచ్చుకున్నారు.

బడ్జెట్ అడిగితే వస్తువు వస్తువుకీ మీ ఊరి షాపులో రేటు కనుక్కుని రాయండి, గుండుగుత్త లెక్కలు వద్దు. రెకమెండేషన్ లెటర్ మీ కాలేజీ ఎన్ఎస్ఎస్ ఆఫీసర్‌ది ఒకటి, ఆ వీధి పొదుపు సంఘం లీడర్ సంతకం పెట్టిన తెలుగు కాగితం ఒకటి పెడితే రెండోదానికే బరువెక్కువ. ఇంగ్లీషు రాదని భయపడొద్దు, చిన్న చిన్న వాక్యాలు చాలు, తెలుగులో రాయొచ్చా అని ముందే మెయిల్ పెట్టి అడిగినా తప్పేం లేదు.

ఇంటర్వ్యూ, అగ్రిమెంటు, డబ్బు సంగతి

ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగేది, "ఎవరూ రాకపోతే ఏం చేస్తారు?" అని. ఐదు ఇళ్ళతో మొదలుపెడతా, వాళ్ళ కూర కాస్తే పక్కింటోళ్ళు వాళ్ళే అడుగుతారు అని చెప్పండి, అది నిజం కూడా. డబ్బు గురించి అడగడానికి మొహమాటపడొద్దు: స్టైపెండ్ ఏ తేదీకి పడతది, టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారా, కోస్తే సర్టిఫికెట్ ఇస్తారా, సామాన్ల ఖర్చు స్టైపెండ్లో నుంచా విడిగానా, బస్సు ఛార్జీలు, ఫోన్ బిల్లు, ఇన్సూరెన్స్, మధ్యలో మానేస్తే ఏంది పరిస్థితి. ఇవన్నీ అగ్రిమెంటులో రాతపూర్వకంగా ఉండాలి. టీడీఎస్ కోసినా మీ ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే రిటర్న్ వేస్తే వెనక్కొస్తది.

నాకు స్టైపెండ్ రెండు నెలలు ఆలస్యంగా పడింది, ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. రూము అద్దెకి మా అమ్మ గాజు తాకట్టు పెట్టాల్సొచ్చింది, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే చెప్తున్నా, చేరే ముందు కనీసం రెండు నెలల ఖర్చు చేతిలో పెట్టుకోండి, లేకపోతే ఇంట్లో ఉండి చేసే వీధినే ఎంచుకోండి.

మొదటి నెల మొక్కల జోలికి పోవద్దు: మిద్దె, నీళ్ళు చూడండి

అందరూ తొందరపడేది ఇక్కడే. ముందు మిద్దె ఎంత బరువు మోస్తదో చూడాలి. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకి కట్టడాల బరువు లెక్కలకి మన దేశంలో వాడే ఐఎస్ 875 స్టాండర్డ్ ప్రకారం చదరపు మీటరుకి 150 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. అడుగు వెడల్పు అడుగు ఎత్తు గ్రో బ్యాగులో 20 లీటర్ల మట్టి పడతది, ఎర్రమట్టి ఎక్కువగా ఉండి తడిసిందంటే 30 కిలోల దాకా తూగుద్ది. చదరపు మీటరులో తొమ్మిది బ్యాగులు ఇరికిస్తే 270 కిలోలు! కాబట్టి నాలుగు బ్యాగులకి మించొద్దు, మధ్యలో నడిచే దారి వదలండి, సగానికి కోసిన డ్రమ్ములు లాంటి బరువైనవి పిల్లర్ల మీద, గోడ వారన బీముల మీదే పెట్టండి. పాత సున్నం మిద్దెలకి, పెచ్చులు ఊడే స్లాబులకి అసలు వద్దు, ఆ ఇంటోళ్ళకి గుమ్మం పక్కన, గోడ మీద పాదు పాకించే ఏర్పాటు చెయ్యండి.

బ్యాగుల్ని నేల మీద డైరెక్టుగా పెట్టొద్దు. మొదట్లో నేను ఒక అక్క వాళ్ళింట్లో అట్టానే పెట్టా, వానకి ఆకులు, మట్టి కలిసి నీళ్ళు పోయే గొట్టం పూడుకుపోయి మిద్దె మీద నీళ్ళు నిలిచి వంటగది సీలింగ్ ఉబ్బి కారింది. పాపం ఆ అక్క ఏమీ అనలేదు కానీ వాళ్ళాయన బ్యాగులన్నీ కిందికి దించేశాడు, ఆ ఇల్లు మళ్ళీ తోటలోకి రాలేదు. తర్వాత నుంచి ప్రతి బ్యాగు కిందా రెండు ఇటుకలు, గొట్టం మూతికి జాలీ, ఇవి లేకుండా ఒక్క మొక్క కూడా పెట్టనియ్యలేదు.

ఇంక నీళ్ళు. నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూపించే టీడీఎస్ మీటరు (ఇది పన్ను టీడీఎస్ కాదు) కొన్ని వందల్లో వస్తది, కొనండి. సముద్రం వైపు, బోరు లోతు పోయిన చోట్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి, మీటరు 1500 దాటి చూపిస్తే చిక్కుడు, బీన్స్ లాంటివి ఆకు అంచులు మాడి గోధుమరంగు తిరుగుతాయి, తెగులనుకుని మందు కొడతా ఉంటారు, నిజానికి అది ఉప్పు. పాలకూర మాత్రం ఉప్పుని కొంచెం ఓర్చుకుంటది. కనిగిరి, పొదిలి వైపు ఇంటింటికీ ఆర్‌ఓ ఉంటది గదా, దాన్నుంచి బయటికి పోయే వేస్టు నీళ్ళలో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటది, మొక్కలకి పొయ్యొద్దు, బాత్రూం కడగడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీళ్ళు, బియ్యం కడుగు, కూరగాయలు కడిగిన నీళ్ళు బంగారం.

మే నెలలో ఒక బ్యాగుకి రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు కావాలి, అంటే 20 బ్యాగులకి దాదాపు మూడు బిందెలు. మూడు బిందెలు మిద్దెకి మోసేది ఎవరు? ఆ పెద్దమ్మ ప్రశ్న మళ్ళీ ఇక్కడికే వచ్చింది. ఇంట్లో దీనికి సమాధానం దొరికినాకే బ్యాగుల సంఖ్య తేల్చండి. మోకాళ్ళ నొప్పులున్న ఇంటికి నాలుగు బ్యాగులు చాలు.

మట్టి, డబ్బాలు

కొత్త గ్రో బ్యాగులు కొనకముందు ఊళ్ళో ఏం దొరుకుతాయో చూడండి. మన వైపు రొయ్యలు, చేపలు రవాణా చేసే థర్మాకోల్ పెట్టెలు మార్కెట్ దగ్గర దండిగా పడి ఉంటాయి, తేలిక, ఎండకి మట్టి వేడెక్కనియ్యవు. ఉప్పు పోయేదాకా రెండు మూడు సార్లు కడిగి, అడుగున వేలంత బొక్కలు ఆరు పెట్టి ఆకుకూరలకి వాడండి. 20 లీటర్ల పెయింట్ బకెట్లు వంగ, టమాటాకి బాగుంటాయి.

మట్టి మిశ్రమం ఎర్రమట్టి ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఒక వంతు, బ్యాగుకి గుప్పెడు వేపపిండి. పచ్చి పేడ వెయ్యొద్దు, వేర్లు మాడతాయి. జీవామృతం వీధికి ఒక డ్రమ్ము చాలు: 20 లీటర్ల నీళ్ళకి కిలో ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు పుట్టమన్నో గట్టు మన్నో, నీడలో 48 గంటలు పెట్టి రోజూ రెండుసార్లు కలిపితే తయారు. లీటరుకి పది లీటర్ల నీళ్ళు కలిపి పాదుల్లో పొయ్యండి. నెల్లూరు, దర్శి రెండు చోట్లా కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, విత్తనాల గురించి, మట్టి పరీక్ష గురించి అక్కడ అడగండి, వాళ్ళ సైంటిస్టుని ఒకసారి మీ వీధికి పిలిస్తే ఆడవాళ్ళకి నమ్మకం వస్తది.

ఏది ఎప్పుడు వెయ్యాలి

యూట్యూబ్‌లో హైదరాబాద్ వాళ్ళు చెప్పే క్యాలెండర్ మనకి సరిపోదు. నెల్లూరుకి వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడతది. వేరే చోట్ల అందరూ జూన్‌లో మొదలుపెడతారు, మనకి జూన్ అంటే ఇంకా పడమటి గాలి, వేడి. మొదటి పంటగా మెంతికూర, తోటకూర వెయ్యండి, ఎందుకంటే 25 రోజుల్లో కూర చేతికొస్తది, నాటిన మొదటి నెలలో కూర రాని ఇంట్లో రెండో నెల నీళ్ళు పొయ్యరు. చిక్కుడు ఆగస్టులో పెడితే సంక్రాంతికి కాపుకొస్తది, ఎండాకాలంలో పెడితే తీగ పెరుగుద్ది, చలికాలం దాకా పూత రాదు. అక్టోబరు వానలకి ఆకుకూరలు నేలకంటుకుని కుళ్ళిపోతాయి, అప్పుడు పందిరి మీద బీర, కాకర నయం. వేసవికి బెండ, గోరుచిక్కుడు, గంగవాయిలకూర, పైన 50 శాతం షేడ్ నెట్ (సగం ఎండని ఆపే వల) కట్టాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగుల్తాయంటారు గదా, ఆ పదిహేను రోజులు కొత్తగా ఏమీ నాటొద్దు, ఉన్నవాటిని బతికించుకుంటే చాలు.

పేనుబంక, పిండినల్లి పురుగులు వస్తే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేటట్టు కొట్టండి. బెండలో ఆకు ఈనెలు పసుపుపచ్చగా తేలి పల్లాకు తెగులొస్తే మందు లేదు, మొక్క పీకెయ్యాల్సిందే, తెల్లదోమ పక్కదానికి అంటిస్తది.

తడి చెత్త, ఎండ, వాన

వాతావరణం పని అంటే ఇదే అసలు. తడి చెత్త యార్డులో గాలి తగలకుండా కుళ్ళితే మీథేన్ వస్తది, 20 ఏళ్ళ లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తది. ఇంట్లో బొక్కలు పెట్టిన బకెట్‌లో ఒక వంతు తడి చెత్తకి రెండు వంతులు ఎండుటాకులు వేస్తే వాసన రాదు, రెండు మూడు నెలల్లో ఎరువు. వాసనొస్తా ఉందంటే తడి ఎక్కువైందని, ఎండాకు వెయ్యండి. చేపల పొట్టు మాత్రం ఆ బకెట్లో వద్దు, పిల్లులు బోర్లించి పోతాయి.

ఎండకి మొక్కలొక్కటే చాలవు. మిద్దె మీద ఖాళీగా ఉన్న చోట తెల్ల సున్నం పూయించండి. పక్కన తెలంగాణలో 2023లో దీనికోసం కూల్ రూఫ్ పాలసీయే తెచ్చారు, అహ్మదాబాద్‌లో 2013లోనే వడగాడ్పుల ప్లాన్ పెట్టుకున్నారు. మీ వీధికి మీరే ఒక చిన్న ప్లాన్ రాయండి: ఒంటరిగా ఉండే ముసలోళ్ళు ఎవరు, మధ్యాహ్నం వాళ్ళని ఎవరు చూసొస్తారు, చలివేంద్రం ఎక్కడ, ఓఆర్ఎస్ ఎవరి దగ్గర ఉంటది. వానకాలానికి ఇంకో పేజీ: వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 4,600 లీటర్ల నీళ్ళు, అవి రోడ్డు మీదికి పోతే వరద, ఇంకుడు గుంతలోకి పోతే వేసవిలో బోరుకి ప్రాణం. తుఫాను హెచ్చరిక రాగానే బ్యాగులు గోడ వారకి దించి తాడు కట్టడం మర్చిపోవద్దు, గాలికి లేచి కింద మనుషుల మీద పడతాయి.

లెక్కలు

రిపోర్టుకి ఫోటోలు అందరూ పెడతారు. మీరు అంకెలు పెట్టండి: ఏ ఇంట్లో వారానికి ఎన్ని గ్రాముల కూర కోశారు, ఎన్ని కిలోల తడి చెత్త బండికి పోకుండా ఆగింది, మధ్యాహ్నం 2 గంటలకి తోట ఉన్న మిద్దె కింది గదిలో ఎంత వేడి, లేని ఇంట్లో ఎంత. మామూలు గోడ థర్మామీటరు చాలు, రోజూ ఒకే గంటకి చూడాలి. చచ్చిపోయిన మొక్కల లెక్క కూడా రాయండి, దాన్ని దాచిపెట్టిన రిపోర్టు చదివేవాళ్ళకి తెలిసిపోతది.

ఆఖరి మూడు నెలలు

ఇక్కడ నుంచి మీరు తగ్గుతా రావాలి. మొదటి నెల వారానికి రెండుసార్లు పోయేది ఒకసారికి, తర్వాత పదిహేను రోజులకి తగ్గించండి. ఎవరైనా ఊరికి పోతే ఎవరి మొక్కలకి ఎవరు నీళ్ళు పోస్తారో జతలు పెట్టండి, నా వీధిలో ఎదురెదురు ఇళ్ళని జత చేశాం, మిద్దె మెట్ల గోడ మీద సుద్దముక్కతో రెండు పేర్లు రాసి పెట్టుకున్నారు. జీవామృతం డ్రమ్ము, వేపనూనె, టీడీఎస్ మీటరు పొదుపు సంఘం పేరు మీద రాయించి సంతకం తీసుకోండి, మీ పేరు మీద ఉంటే మీతోనే పోతాయి. నెలకోసారి జరిగే సంఘం మీటింగులో పది నిమిషాలు తోట గురించి మాట్లాడేటట్టు ఆర్పీతో ఒప్పించండి.

చివరగా విత్తనాలు. ఒక్కో తీగకి ముందొచ్చిన మంచి కాయలు రెండు కోయకుండా వదిలెయ్యాలి, బీరకాయ గలగలమనేదాకా ఎండనివ్వాలి, చిక్కుడు గింజలు నీడలో ఆరబెట్టి బూడిద కలిపి సీసాలో పోసి పైన వీధి పేరు, నెల రాసి పెట్టాలి. మా వీధి సీసాలు నీళ్ళెవరు పోస్తారని అడిగిన ఆ పెద్దమ్మ ఇంట్లో, పోపుల డబ్బా పక్కన ఉన్నాయి. ఆగస్టు రాగానే ఇంటికి నాలుగు గింజల చొప్పున ఆమే పంచుతా ఉంది.